అశ్వశాలలో నూతనాశ్వము : పూర్వుల వివేకము

మహదేవపూర్ మండలమందలి కాళేశ్వర క్షేత్రమున, ప్రాణహిత గోదావరితో సంగమించు చోట, ఒకే పానవట్టముపై రెండు లింగములు పూజలందుకొనుచున్నవి. ఒకటి యముని పేర వెలసిన కాళేశ్వరుడు, రెండవది ముక్తేశ్వరుడు. ఆ యమధర్మరాజే కఠోపనిషత్తునందు నచికేతునకు దేహమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను అశ్వములుగను నిరూపించెను. ఈ ఉపమానము హృదయమున నిలువవలెనన్న అశ్వస్వభావము కొంతయైనను తెలియవలెను.

ఈ గోదావరీతీరము కాకతీయులు ఏలిన సీమ. వారి కాలమున ఉత్తమజాతి తురగములు దక్షిణదేశమునకు అరేబియా, పారసీక దేశముల నుండి ఓడలపై వచ్చుచుండెను. గణపతిదేవ చక్రవర్తి శా.శ. 1166 (క్రీ.శ. 1244–45)లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానుచే పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని ఏనుగులను, గుఱ్ఱములను, రత్నాదులను పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరనియు, తాను నియతమైన సుంకము మాత్రమే గ్రహించి తక్కినది వర్తకులకే విడుచుచున్నాననియు అందు ప్రకటించెను.

మోటుపల్లి రాజ్యమును వర్ణించిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో, పాండ్యదేశమును గూర్చి ఒక విషాదవార్త వ్రాసెను. అచ్చటి రాజు ఏటేటా రెండువేలకు పైగా గుఱ్ఱములను కొనుననియు, సంవత్సరాంతమునకు నూరైనను మిగులవనియు, పోషణ తెలియకపోవుటయే అందుకు హేతువనియు అతని మాట. సంఖ్యలో అతిశయోక్తి యుండవచ్చును. అయినను సముద్రము దాటి వచ్చిన ప్రాణి శాలలో నశించుట ధర్మహానియే కదా!

ఈ విషయమున మన శాస్త్రకారులు ఉదాసీనులు కారు. విరాటుని కొలువున అశ్వరక్షణ వహించిన నకులుని పేర అశ్వశాస్త్రము ప్రసిద్ధము. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించెను. కౌటిల్యుని అర్థశాస్త్రమందలి అశ్వాధ్యక్ష ప్రకరణము ప్రతి గుఱ్ఱమునకును వంశము, వయస్సు, వర్ణము, చిహ్నములతోపాటు అది క్రయమున వచ్చినదో, యుద్ధమున లభించినదో, శాలలోనే పుట్టినదో కూడ లిఖింపవలెనని విధించినది. ఒక్కొక్క గుఱ్ఱమునకు దాని పొడవునకు సరియైన చతురస్రస్థానమును, ఆడుగుఱ్ఱములకు, బీజాశ్వములకు, పిల్లలకు వేర్వేరు ఏకాంతస్థానములను చెప్పినది.

ఈ ఏకాంతవిధి ప్రయోజనము గుఱ్ఱముల నడవడిలోనే కనబడును. గుఱ్ఱము మందజీవి. మందలో ముందువెనుకల క్రమమొకటి యుండును. క్రొత్తది ప్రవేశించినంతనే ప్రధానాశ్వము చెవులు వెనుకకు వాల్చును, కరవబోవును, వెనుకకాళ్ళతో తన్నును. అది దౌష్ట్యము కాదు. తన మేతను, నీటిని, తోడును కోల్పోదునను శంక. దానిని కొట్టినచో శంక పగగా మారును.

కావున అనుభవజ్ఞులు నేటికిని క్రమమునే పాటింతురు. మొదట క్రొత్తదానిని రెండుమూడు వారములు దూరముగా ఉంచి, రోగము లేదని నిశ్చయింతురు. పిమ్మట దృఢమైన కంచెకు ఇరువైపుల రెంటిని నిలిపి, చూపును, వాసనను పరిచయము చేయుదురు. సౌమ్యమైన గుఱ్ఱమొకదానిని ముందుగా తోడిచ్చుటయు కలదు. తుదకు మూలలు లేని విశాలమైన బయలున, వెనుకకాళ్ళ నాడెములు తీసి, రెంటిని విడుతురు. మేతకుప్పలు గుఱ్ఱముల సంఖ్యకంటె ఒకటి అధికముగా, దూరదూరముగా ఉంచుదురు. ఓడినది తొలగిపోవుటకు చోటున్నచో కలహము గాయముగా పరిణమించుట అరుదు.

సాధకునకు ఇందొక బోధ కలదు. చిరకాలాభ్యస్తమైన వాసన చిత్తమున ప్రధానాశ్వము వంటిది. నూతనముగా స్వీకరించిన జపమో, వ్రతమో ఆగంతుకము. మొదటిదినముననే రెంటిని ఇరుకున కలిపి పోరాడించినవాడు పలుమారు వ్రతమునే పోగొట్టుకొనును. ప్రతిదినము నియతకాలమున, నియతస్థలమున, స్వల్పముగా ఆరంభించినచో పాతవాసన క్రమముగా దానికి చోటిచ్చును. ఉపనిషత్తు సారథిని పగ్గము పట్టుకొమ్మన్నదే గాని, గుఱ్ఱములను చంపుమని చెప్పలేదు.