స్టెరాయిడ్ చికిత్స - గొంతు, జీర్ణాశయ దుష్ప్రభావాలు: నివారణోపాయాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇరవయ్యో శతాబ్ది వైద్యచరిత్రలో కార్టిజోన్ ఆవిష్కరణకు విశిష్టస్థానం ఉంది. ఈ ఔషధం కనుగొన్న కథ ప్రసిద్ధమే. దాన్ని వాడినవారి గొంతులో, కడుపులో తలెత్తిన బాధలను వైద్యులు, రోగులు ఎలా అర్థం చేసుకున్నారు, ఎలా తట్టుకున్నారు అన్న కథ మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. 1948 నుంచి 2021 వరకు జరిగిన పరిణామాల ఆధారంగా ఆ కథను క్రమంగా వివరించి, మందును తీసుకునే పద్ధతి కూడా మందులో భాగమేనని నిరూపించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: కార్టిజోన్, ఉబ్బసం, అనుపానం, పథ్యం, జీర్ణాశయవ్రణం, పుక్కిలింత, యల్లాప్రగడ సుబ్బారావు.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి వైద్యవ్యవహారంలో మందుతోపాటు తప్పక వినిపించే మాటలు రెండున్నాయి. ఒకటి పథ్యం, రెండోది అనుపానం. మందు వాడే కాలంలో పాటించవలసిన ఆహారనియమం పథ్యం. మందుతో కలిపి గాని, దాని వెంట గాని తీసుకునే తేనె, పాలు, నెయ్యి, వేడినీళ్లు వంటివి అనుపానం. ఒకే మందుకు అనుపానం మారితే గుణం మారుతుందని ఆయుర్వేదం చెబుతుంది. మందు పడకపోతే "వేడి చేసింది" అనడం నేటికీ ఇళ్లలో వినిపించే మాటే.

ఆధునికవైద్యం మొదట ఈ దృష్టిని అంతగా పట్టించుకోలేదు. మందులోని రసాయనం, దాని మోతాదు, రోగంపై దాని ప్రభావం అన్న మూడు అంశాలపైనే దృష్టి నిలిపింది. స్టెరాయిడ్ల విషయంలో ఆ దృష్టి చాలలేదు. మందును ఏ మార్గంలో తీసుకోవాలి, ఏ మందుతో కలపకూడదు, తీసుకున్న వెంటనే ఏం చేయాలి, ఎలా ఆపాలి అన్న ప్రశ్నలకు సమాధానం దొరకడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ ప్రయాణంలో గొంతు, జీర్ణాశయం అనే రెండు అవయవాలు కీలకపాత్ర వహించాయి.

2. కార్టిజోన్ ఆవిర్భావం:

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో రోచెస్టర్ పట్టణానికి చెందిన మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాత వైద్యనిపుణుడు. కామెర్లు వచ్చిన కీళ్లవాత రోగికి కీళ్లనొప్పులు తాత్కాలికంగా తగ్గడాన్ని ఆయన 1929లో గమనించాడు. గర్భిణుల్లోనూ ఇలాంటి ఉపశమనం కనిపించింది. శరీరంలోనే పుట్టే ఏదో పదార్థం ఈ మేలు చేస్తోందని ఆయన ఊహించాడు. అదే సంస్థలో రసాయనశాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్, స్విట్జర్లాండ్‌లో టాడియస్ రైక్‌స్టైన్ అధివృక్కగ్రంథుల నుంచి అనేక పదార్థాలను వేరుచేశారు. వాటిలో కెండాల్ 'కాంపౌండ్-ఇ' అని పిలిచినదే తరువాత కార్టిజోన్ అయింది. మెర్క్ సంస్థలో లూయిస్ సారెట్ పశువుల పైత్యరసం నుంచి దీన్ని తయారుచేసే మార్గం కనుగొన్నాడు.

1948 సెప్టెంబరు 21న హెంచ్ బృందం తీవ్రమైన కీళ్లవాతంతో బాధపడుతున్న ఒక యువతికి ఈ పదార్థాన్ని మొదటిసారి ఇచ్చింది. కదలలేని స్థితిలో ఉన్న ఆమె కొద్దిరోజుల్లోనే నడవగలిగింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మందును కనుగొన్నాక రెండేళ్లలోనే అంతటి గుర్తింపు రావడం నాటి ఆశల తీవ్రతకు నిదర్శనం.

తయారీ మాత్రం కష్టంగా, ఖర్చుతో కూడినదిగా ఉండేది. 1952లో అప్‌జాన్ సంస్థకు చెందిన పీటర్సన్, ముర్రే అనే శాస్త్రజ్ఞులు రైజోపస్ అనే బూజు సహాయంతో తయారీలోని అతి కష్టమైన దశను సులభం చేశారు. దాంతో ధర బాగా తగ్గి, మందు సామాన్యులకు చేరువైంది. 1955లో ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసోలోన్ మాత్రలు వచ్చాయి. వాడకం పెరిగినకొద్దీ ఫిర్యాదులూ పెరిగాయి.

3. జీర్ణాశయవ్రణం - నాలుగు దశాబ్దాల వివాదం:

స్టెరాయిడ్ వాడుతున్నవారికి కడుపులో పుండ్లు పడుతున్నాయని, కొందరికి రక్తస్రావం అవుతోందని 1950ల తొలినాళ్ల నుంచే వైద్యులు ప్రకటించసాగారు. స్టెరాయిడ్ వల్ల పుండు పడుతుందన్న అభిప్రాయం స్థిరపడింది. ఆహారం తిన్నాకే మాత్ర వేసుకోవాలన్న సలహా, ఆమ్లాన్ని తగ్గించే మందును జతచేయడం, జీర్ణాశయంలో కరగని పూత ఉన్న మాత్రలను వాడడం ఈ భయం నుంచి పుట్టిన జాగ్రత్తలే.

1976లో కాన్, బ్లిట్జర్ అనే వైద్యులు అప్పటివరకు జరిగిన తులనాత్మక ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. స్టెరాయిడ్లకు, జీర్ణాశయవ్రణానికి సంబంధం రుజువు కాలేదని ప్రకటించారు. 1983లో మెసర్ బృందం అదేరకమైన సమీకరణ చేసి, సంబంధం ఉందని తేల్చింది. ఈ రెండు అధ్యయనాలూ 'న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' పత్రికలోనే వెలువడ్డాయి. ఏడేళ్ల వ్యవధిలో ఒకే పత్రికలో పరస్పరవిరుద్ధమైన తీర్పులు రావడం సమస్య ఎంత జటిలమైనదో తెలుపుతుంది.

ఈ చిక్కుముడిని చాలావరకు విప్పినది 1991లో పైపర్ బృందం అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో జరిపిన అధ్యయనం. స్టెరాయిడ్ ఒక్కటే వాడుతున్నవారిలో పుండు ప్రమాదం చెప్పుకోదగినంతగా పెరగలేదు. స్టెరాయిడ్‌తోపాటు నొప్పిమాత్రలు కూడా వాడుతున్నవారిలో, ఆ రెండూ వాడనివారితో పోలిస్తే, ప్రమాదం సుమారు 15 రెట్లుగా తేలింది. కీళ్లవాత రోగులకు తొలినుంచీ ఆస్పిరిన్ వంటి మందులు కూడా ఇచ్చేవారన్న విషయం గుర్తుచేసుకుంటే, స్టెరాయిడ్‌పై పడిన నిందలో కొంతభాగం దాని పక్కనున్న మందుకు చెందుతుందని బోధపడుతుంది.

దీనికి శాస్త్రీయకారణం అప్పటికే తెలుసు. ఆస్పిరిన్, ఆ కోవకు చెందిన నొప్పిమందులు ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. జీర్ణాశయపు లోపలిపొరను కాపాడేవి ఆ పదార్థాలే. నొప్పిమందు ఆ రక్షణను తగ్గిస్తే, స్టెరాయిడ్ గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. పైగా నొప్పి, జ్వరం వంటి హెచ్చరికలను అది కప్పిపుచ్చుతుంది. అందువల్ల కడుపులో పుండు చిల్లుపడినా రోగికి తీవ్రత తెలియకపోవచ్చు.

ఇక్కడ స్టెరాయిడ్ పూర్తిగా నిర్దోషి అని భావించరాదు. ఆసుపత్రిలో చేరిన తీవ్రరోగుల్లో జీర్ణాశయ రక్తస్రావం పెరుగుతుందని తరువాతి సమీక్షలు తెలిపాయి. కడుపులో మంట, అజీర్తి, అతిగా ఆకలి వేయడం మాత్ర వాడేవారిలో తరచుగా కనిపించేవే. ఎవరికి రక్షణమందు అవసరమో వయస్సు, పూర్వం పుండు ఉందా, నొప్పిమాత్రలు వాడుతున్నారా అన్న అంశాలను బట్టి నిర్ణయించాలన్నదే ఈ వివాదం నేర్పిన పాఠం. నల్లటి విరేచనం, రక్తపు వాంతి వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలన్నది మాత్రం అందరికీ వర్తించే నియమం.

4. గొంతు - పుక్కిలింత ప్రాధాన్యం:

మాత్రగా వాడిన స్టెరాయిడ్ ఒళ్లంతా వ్యాపిస్తుంది. ఉబ్బసానికి మందు కావలసింది ఊపిరితిత్తుల్లో. కార్టిజోన్‌ను పీల్చే మందుగా వాడే ప్రయత్నాలు 1950ల ఆరంభంలోనే జరిగినా ఫలితం అంతంతమాత్రమే. 1956లో రైకర్ సంస్థ కొలతప్రకారం మందును వెదజల్లే పీల్పుపరికరాన్ని, అంటే నేటి ఇన్‌హేలర్‌ను, మార్కెట్లోకి తెచ్చింది. 1972లో ఇంగ్లండ్‌లోని డెర్బీకి చెందిన హ్యారీ మోరో బ్రౌన్ బెక్లోమెథసోన్ పీల్పుమందుపై తన పరిశీలనలను 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో ప్రచురించాడు. ఏళ్ల తరబడి మాత్రలపై ఆధారపడిన ఉబ్బసరోగుల్లో చాలామంది వాటిని మానగలిగారు.

ఈ విజయంతోపాటే కొత్త బాధలు మొదలయ్యాయి. నోటిలో, గొంతులో తెల్లని పూత కనిపించింది. ఇది కాండిడా అనే శిలీంధ్రం పని. మామూలుగా నోటిలో హాని చేయకుండా ఉండే ఈ శిలీంధ్రం, స్టెరాయిడ్ స్థానిక రోగనిరోధకతను తగ్గించినప్పుడు విజృంభిస్తుంది. రెండో బాధ గొంతు బొంగురుపోవడం. దీనికీ శిలీంధ్రమే కారణమని మొదట భావించారు. 1983లో విలియమ్స్ బృందం 'థొరాక్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం మరో కారణాన్ని చూపింది. కొందరిలో స్వరతంత్రులు దగ్గరకు చేరేటప్పుడు మధ్యలో విల్లులా వంగి పూర్తిగా కలవడం లేదు. స్టెరాయిడ్ వల్ల అక్కడి కండరం బలహీనపడడం దీనికి కారణం కావచ్చునని వారు సూచించారు. పాఠం చెప్పి, పాట పాడి బతికేవారికి ఇది చిన్న బాధ కాదు. పూతకు శిలీంధ్రనాశని పనిచేస్తుంది గాని, బలహీనపడిన స్వరానికి అది ఉపకరించదు.

శిలీంధ్రానికి మందు అప్పటికే సిద్ధంగా ఉండడం విశేషం. ఎలిజబెత్ లీ హేజెన్, రేచల్ ఫుల్లర్ బ్రౌన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి సాధించిన నిస్టాటిన్‌ను 1950లో ప్రకటించారు. తాము పనిచేసిన న్యూయార్క్ రాష్ట్రం పేరు మీదుగా దానికి ఆ పేరు పెట్టారు. నోట్లో కాసేపు ఉంచుకొని వాడే ద్రవంగా అది నేటికీ వాడుకలో ఉంది.

పూతకు మందు వాడడం కంటే అది రాకుండా చూడడం మేలు. పీల్పుపరికరం నుంచి వెలువడిన మందులో ఎక్కువభాగం నోటిలో, గొంతులో నిలిచిపోతుంది. ఊపిరితిత్తులకు చేరేది స్వల్పభాగమే. గొంతులో నిలిచినది మింగినప్పుడు కడుపులోకి పోతుంది. ఈ అవగాహన నుంచి రెండు ఉపాయాలు వచ్చాయి. మొదటిది పరికరానికి, నోటికి మధ్య అమర్చే గొట్టం వంటి 'స్పేసర్'. పెద్ద తుంపరలు అందులోనే ఆగిపోయి, సన్ననివి లోపలికి వెళతాయి. రెండోది మందు పీల్చిన వెంటనే నీటితో పుక్కిలించి ఉమ్మివేయడం. నీటిని మింగకుండా ఉమ్మడం వల్ల గొంతులోని మందు తొలగడమే కాక కడుపులోకి వెళ్లే భాగమూ తగ్గుతుంది. ఆయుర్వేదం నోటినిండా ద్రవాన్ని కదల్చకుండా పట్టి ఉంచడాన్ని గండూషమని, కదిలిస్తూ పుక్కిలించడాన్ని కవలమని వేరుగా గుర్తించింది. ఉద్దేశాలు వేరైనా, ఈ పని తెలుగువారికి కొత్త కాదు.

5. యల్లాప్రగడ సుబ్బారావు - మరో మార్గం:

దుష్ప్రభావాలను తగ్గించే మూడో మార్గం స్టెరాయిడ్ మోతాదునే తగ్గించడం. ఇక్కడ తెలుగుసంబంధం స్పష్టంగా కనిపిస్తుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణవ్యవస్థ వ్యాధితో మరణించారు. తనకూ సోకిన ఆ వ్యాధి నుంచి ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేదచికిత్సతో ఆయన కోలుకున్నారు. అమెరికాలోని లెడర్లీ సంస్థలో సుబ్బారావు నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం, దాన్ని ప్రతిఘటించే మందులు రూపొందాయి. 1948 ఆగస్టులో, కార్టిజోన్ తొలి రోగికి అందడానికి కొద్దివారాల ముందు, ఆయన మరణించారు.

ఆ మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్‌కు 1988లో అమెరికాలో కీళ్లవాతచికిత్సకు అనుమతి లభించింది. దీన్ని వాడితే చాలామందిలో స్టెరాయిడ్ మోతాదు తగ్గించవచ్చు. అయితే దీనివల్ల నోటిపుండ్లు, వికారం కలుగుతాయి. వాటిని తగ్గించడానికి ఇచ్చేది ఫోలిక్ ఆమ్లమే. మందు, దాని బాధకు విరుగుడు రెండూ ఒకే ప్రయోగశాల పరిశోధనల నుంచి రావడం గమనార్హం.

6. 2021 అనుభవం:

2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' ప్రయోగం, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల్లో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ మరణాలను తగ్గిస్తుందని నిరూపించింది. పది రోజులకు మించకుండా ఇవ్వాలన్నది అందులోని నియమం. ఆక్సిజన్ అవసరం లేనివారికి ప్రయోజనం కనిపించలేదు. మరుసటి ఏడాది రెండో విడతలో భారతదేశంలో ఈ మందును అవసరం లేనివారూ, అధికమోతాదుల్లోనూ వాడడం జరిగింది. అదుపులేని మధుమేహం తోడై ముక్కు, అంగిలి, కళ్లను తినివేసే మ్యూకర్‌మైకోసిస్ వ్యాపించింది. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం దీన్ని తప్పక నమోదు చేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి చికిత్సాకేంద్రమైంది. భారతదేశంలో ఈ వ్యాధికి ప్రధానకారకం రైజోపస్ జాతి శిలీంధ్రం. 1952లో కార్టిజోన్‌ను చౌకగా తయారుచేయడానికి తోడ్పడినదీ ఆ జాతి బూజే.

7. ముగింపు:

పై పరిశీలనలో గొంతు, జీర్ణాశయాల చరిత్ర వేర్వేరుగా సాగినట్లు గమనించవచ్చు. కడుపుపుండు విషయంలో స్టెరాయిడ్‌పై నింద త్వరగా పడింది, విచారణకు నలభై ఏళ్లు పట్టింది. చివరికి జతగా వాడిన నొప్పిమాత్రల పాత్ర బయటపడింది. గొంతు విషయంలో కారణం త్వరగానే దొరికింది, ఉపాయం గ్లాసెడు నీళ్లలో ఉంది.

దుష్ప్రభావాల భయంతో మందును హఠాత్తుగా మానడం మరింత ప్రమాదకరం. దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడినవారిలో అధివృక్కగ్రంథులు సొంత ఉత్పత్తిని తగ్గించుకుంటాయి. శస్త్రచికిత్సకు ముందు కార్టిజోన్ ఆపిన ఒక రోగి మరణాన్ని 1952లోనే ఫ్రేజర్ బృందం అమెరికా వైద్యసంఘపత్రికలో నమోదు చేసింది. పీల్పుమందు మానిన ఉబ్బసరోగికి ఆయాసం తిరగబెట్టే ప్రమాదం ఉంది. గొంతు బొంగురుపోయిందనో, కడుపు మండుతోందనో రోగి చెప్పిన మాటను వైద్యుడు విని, పరికరం వాడే తీరును సరిదిద్ది, జతమందులను విచారించి, మోతాదును క్రమంగా తగ్గిస్తే రోగి మందును విడవవలసిన అవసరం రాదు. పూర్వులు అనుపానమనీ, పథ్యమనీ పిలిచిన విచక్షణ, డెబ్బై ఏళ్ల స్టెరాయిడ్ చరిత్రలో ప్రయోగాల ద్వారా, కొంత ప్రాణనష్టం ద్వారా మళ్లీ నేర్చుకోవలసి వచ్చిందని ఈ పరిశీలన తెలియజేస్తుంది.