డొంక (బండ్ల బాట)

డొంక అనగా గ్రామం నుండి పొలాలకు గాని, ఒక గ్రామం నుండి మరొక గ్రామానికి గాని పొలాల మధ్యగా సాగే మట్టి దారి. గుంటూరు, కృష్ణా ప్రాంతాలలో ఈ పేరు వాడుకలో ఉన్నది. గోదావరి జిల్లాలలో ఇటువంటి దారిని పుంత అని, తెలంగాణలో బండ్ల బాట అని అంటారు. గుంటూరు జిల్లా తెనాలి మండలంలోని నందివెలుగు, దక్షిణాన బాపట్ల, రేపల్లె ప్రాంతాలు ఉన్న కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి పంట పొలం నుండి రోడ్డుకు చేరేది చాలావరకు డొంకల మీదుగానే. ఇక్కడి నల్లమట్టి నేలలలో డొంక స్థితి వాతావరణాన్ని బట్టి కొద్ది రోజులలోనే, ఒక్కొక్కసారి కొద్ది గంటలలోనే మారిపోతుంది. కార్తీకం నుండి పుష్యం వరకు, అనగా వరి కోతలు, తుఫానులు ఒకేసారి వచ్చే కాలంలో, ఈ మార్పు రైతుకు అత్యంత కీలకమవుతుంది.

పేరు, వాడుక

డొంక అనే మాటకు ముళ్ళపొద అనే అర్థం కూడా ఉన్నది. "తీగ లాగితే డొంకంతా కదిలినట్లు" అనే సామెతలో కనిపించేది ఆ అర్థమే. ఈ వ్యాసం దారి అనే అర్థంలోని డొంకకు సంబంధించినది. సూటిగా చెప్పక చుట్టు తిప్పి చెప్పటాన్ని డొంకతిరుగుడు అంటారు. బండి చక్రాలు ఒకే చోట పదేపదే నడవటం వలన ఏర్పడే లోతైన చాలును గాడి అంటారు. గాడిన పడటం, గాడి తప్పటం అనే నుడికారాలు తెలుగులో ఈనాటికీ వాడుకలో ఉన్నాయి.

రెవెన్యూ దస్త్రాలలో డొంకలు సాధారణంగా పోరంబోకు భూములుగా నమోదై ఉంటాయి. అందుచేత వాటిపై ఏ ఒక్క రైతుకూ సొంత హక్కు ఉండదు. అయినప్పటికీ ఇరువైపుల పొలాలవారు ఏటా గట్టును కొంచెం కొంచెంగా జరుపుకొంటూ రావటం వలన అనేక చోట్ల డొంకలు సన్నబడ్డాయి. ప్రభుత్వ భూముల ఆక్రమణలను తొలగించేందుకు 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఉన్నది.

నేల స్వభావం

1855లో విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టాలో కాలువల సాగు విస్తరించింది. 1952లో ఆ ఆనకట్టకు గండి పడగా, దాని స్థానంలో నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957లో వినియోగంలోకి వచ్చింది. తెనాలి పట్టణం గుండా మూడు కాలువలు ప్రవహిస్తాయి. కాలువల నుండి బోదెల ద్వారా నీరు పొలాలకు చేరుతుంది. నేల దాదాపు సమతలంగా, సముద్రమట్టానికి కొద్దిపాటి ఎత్తులోనే ఉండటం వలన మిగులు నీరు మురుగు కాలువలలోకి నెమ్మదిగా తీస్తుంది.

ఇక్కడి బంకమట్టిలో స్మెక్టైట్ జాతి ఖనిజాలు ఎక్కువ. ఈ ఖనిజం పలుచని పొరలుగా ఉండి, పొరల మధ్యకు నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. వేసవిలో కనిపించే నెర్రెలకు ఇదే కారణం. ఒకసారి తడిసి ఉబ్బిన తరువాత మట్టిలోని సందులు మూసుకుపోయి నీరు కిందికి ఇంకదు. అందువలన డొంకపై పడిన వాన ఎక్కువగా ఎండకు, గాలికి ఆరవలసిందే. చలికాలంలో పగలు తక్కువ, ఎండ తీవ్రత తక్కువ. కనుక వేసవిలో ఒక్క రోజులో ఆరే తడి మార్గశిరంలో చాలా రోజులు నిలుస్తుంది.

కాలాన్ని బట్టి డొంక స్థితి

వేసవి: మట్టి రాయిలా గట్టిపడుతుంది. గత పంటకాలంలో పడిన గాడులు అలాగే బిగిసిపోయి ఉంటాయి. దారిపై దుమ్ము, పెళ్ళలు ఉన్నా బరువు బండ్లు నడుస్తాయి.

తొలకరి, నాట్లు: కాలువలకు నీరు వదిలిన తరువాత ఇరువైపుల నుండి తడి ఊరుతుంది. దమ్ము చేసే ట్రాక్టర్లు ఇనుప చక్రాలతో దారిపై నడిస్తే పైపొర పూర్తిగా చెదిరిపోతుంది.

కోతల కాలం: ఆరుతడి నేలపై వాన పడితే ముందు పైపొర జిగురుగా మారి చక్రాలకు అంటుకుంటుంది. వాన కొనసాగితే లోపలి పొర కూడా మెత్తబడి గాడులు లోతవుతాయి. గాడిలో నిలిచిన నీరు దానిని మరింత మెత్తబరుస్తుంది కనుక ఒకసారి పాడయిన చోటు మరింత త్వరగా పాడవుతుంది.

పుష్యమాసం: తెల్లవారుజామున పొగమంచు, మంచు బిందువుల వలన పైన పలుచని తడి చేరుతుంది. అడుగున గట్టిగా ఉన్నా పైన జారుతుంది. పొద్దెక్కిన కొద్దీ ఆరిపోతుంది. అందువలన ధాన్యం బండ్లను ఉదయం ఆలస్యంగా కదిలించటం వాడుక.

సంక్రాంతి తరువాత: వానలు లేకుంటే మట్టి ఆరి, చక్రాల కింద అణగి నునుపుగా తయారవుతుంది. సంవత్సరంలో డొంక అతి బాగుగా ఉండే కాలం ఇదే.

కోతలు, తుఫానులు

డెల్టాలో విస్తారంగా సాగయ్యే సాంబ మసూరి (బీపీటీ 5204) వరి వంగడం బాపట్లలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుండి 1986లో విడుదలయింది. దీని పంటకాలం దాదాపు 150 రోజులు. జూలై, ఆగస్టు నెలలలో నాటిన పైరు నవంబరు, డిసెంబరు నెలలలో కోతకు వస్తుంది. ఈశాన్య రుతుపవనాల వర్షాలు, బంగాళాఖాతపు తుఫానులు ఎక్కువగా వచ్చేది కూడా అక్టోబరు నుండి డిసెంబరు వరకే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన తుఫాను, 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుఫాను ఈ కాలంలో వచ్చినవే. మిచాంగ్ సమయంలో గుంటూరు, బాపట్ల జిల్లాలలో కోయని వరి పడిపోగా, కోసిన పనలు నీట మునిగాయి.

తుఫాను హెచ్చరిక వెలువడినప్పుడు రైతు ముందు మూడు మార్గాలుంటాయి. పైరును కోయకుండా నిలిపి ఉంచటం మొదటిది. కోసి చేలోనే కుప్ప వేసి బరకాలు కప్పటం రెండవది. యంత్రంతో కోసి ధాన్యాన్ని వెంటనే రోడ్డు మీదికి చేర్చటం మూడవది. మూడవ మార్గం డొంక స్థితిపై పూర్తిగా ఆధారపడి ఉంటుంది. చేను ఆరి ఉన్నా డొంకలో ఒక్కచోట ఊబి ఉంటే బండి అక్కడే నిలిచిపోతుంది. వెనుక వచ్చే బండ్లన్నీ ఆగిపోతాయి. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యపు తేమ 17 శాతానికి మించరాదు. తడిసిన ధాన్యం మొలకెత్తినా, రంగు మారినా ధర పడిపోతుంది. అందుచేత డొంకలో పోయిన ఒక రోజు విలువ ఆ ఏటి పెట్టుబడి అంత కావచ్చును.

కోసిన తరువాత సాగయ్యే రెండవ పంటకూ డొంకతో సంబంధమున్నది. వరి కోతకు కొద్ది రోజుల ముందే చేలో మినుము చల్లటం డెల్టా ఆచారం. తడి నేలపై బరువు యంత్రాలు నడిస్తే ఆ మొలకలు నలిగిపోతాయి.

వాహనాలు

ఇనుప పట్టా వేసిన చెక్క చక్రాల ఎద్దుబండి సన్నని గాడిని లోతుగా కోస్తుంది. ఆ తరువాత వచ్చిన టైరు బండ్లు బరువును వెడల్పుగా పంచుతాయి. ట్రాక్టరు ట్రక్కు బరువు ఎద్దుబండి కంటే చాలా ఎక్కువ కావటం వలన తడి డొంకను త్వరగా పాడు చేస్తుంది. కోతయంత్రాలలో టైర్లవి ఆరిన చేలలో మాత్రమే పనిచేయగా, గొలుసు చక్రాలవి (చైను మిషన్లు) మెత్తని చేలలోనూ దిగగలవు. కాని యంత్రం చేలో దిగినంత మాత్రాన ధాన్యం బయటకు రాదు; దానిని మోసే ట్రక్కు డొంకపై నడవాలి.

మరమ్మతు

డొంక బాగుండటానికి ముఖ్యమైనది నీరు నిలవకపోవటం. దారిని మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా చేసి, పక్క కాలువలను పూడిక తీసి ఉంచాలి. బోదె దాటే చోట తూము వేయాలి. లోతైన గాడులను మట్టి ఆరుతడిగా ఉన్నప్పుడే చదును చేయాలి. పూర్తిగా ఎండితే పెళ్ళలు లేస్తాయి, తడిగా ఉంటే అడుసవుతుంది. గ్రావెల్ పోసినా అడుగున బంకమట్టి ఉబ్బితే అది కొన్నేళ్ళలో లోపలికి దిగిపోతుంది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం కింద రాష్ట్రంలో అనేక గ్రామాలలో పొలం దారుల పనులు చేపట్టారు.

ఇతర దేశాలలో

వాతావరణంతో పాటు మారే దారులు ప్రపంచమంతటా ఉన్నాయి. రష్యాలో వసంత, శరదృతువులలో మట్టి దారులు బురదగా మారే కాలాన్ని రస్పూతిత్స అంటారు. స్వీడన్, నార్వే వంటి దేశాలలో అడవుల గుండా సాగే స్కీ బాటలలో యంత్రాలతో మంచును అణచి, స్కీలు జారటానికి రెండు సమాంతర గాడులు వేస్తారు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు దాటితే ఆ గాడులు కరిగి మెత్తబడతాయి. రాత్రి మళ్ళీ గడ్డకడితే గాజులా నున్నగా మారతాయి. కొత్త మంచు కురిస్తే పూడిపోతాయి. స్వీడన్‌లో 1922లో మొదలైన 90 కిలోమీటర్ల వాసలోపెట్ స్కీ పందెం 1932, 1934, 1990 సంవత్సరాలలో తగిన మంచు లేక రద్దయింది. అక్కడ చలి తగ్గితే బాట చెడుతుంది. డెల్టాలో ఎండ తగ్గితే చెడుతుంది. గాడిని ఎప్పుడు వేయాలి, ఎప్పుడు దానిపై నడవకుండా ఆగాలి అన్నది తెలుసుకోవటం మాత్రం రెండు చోట్లా ఒకే విధమైన అవసరం.