మూడున్నర మైళ్ల కాలువ

1878 జూలై 3వ తేదీని గూర్చి విననివారు మన సంఘములలో తక్కువ. ఆ దినమున వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వార్షిక కూటములలో ఆ సంఖ్యను చెప్పుకొని దేవుని స్తుతించుచున్నాము, మంచిదే. అయితే ఆ సంఖ్యకు ముందు మరియొక లెక్క కలదు. అది మూడున్నర మైళ్ల మట్టిపని. దానిని జ్ఞాపకము చేయువారు కొద్దిమందియే గనుక ఈ మాసము దానినే వ్రాయుచున్నాను.

1876లో వానలు తప్పెను. మరుసటి యేడును కరవు తీరలేదు. 1878 వరకు నిలిచిన ఆ కరవులో దక్షిణదేశమున 50 లక్షలకు పైగా జనులు నశించిరని చరిత్రకారుల అంచనా. మదరాసు ప్రభుత్వమువారు ఆకలిగొన్నవారికి పని కల్పింపవలెనని సముద్రతీరము వెంబడి కాలువ త్రవ్వించిరి. 1806లో మదరాసు నుండి ఎన్నూరు వరకు మొదలైన కాలువయే పొడిగింపబడుచు ఉత్తరముగా మన కోస్తాకు వచ్చినది. అప్పటి గవర్నరు పేరున దానికి బకింగ్‌హాం కాలువ యని పేరు పెట్టిరి. పెదగంజాము యొద్ద అది కృష్ణా కాలువలతో కలియును.

కాలువ యనగా నీరు, గట్టు, లాకు అని మనము తలంతుము. ఇంజనీర్లు గీసిన పటములోను అవే యుండును. కాని గట్టు లేచుటకు గంప మోయు మనిషి కావలెను. ఆ మనిషికి కూలి కావలెను. ఆ కూలి అతని చేతికి చేరుటకు నడుమ నిలిచినవాడు న్యాయస్థుడై యుండవలెను. ఇవియు కాలువలోని భాగములే. వీటిలో ఏది విరిగినను పని చెడును, మనుష్యులు చత్తురు.

అట్లు విరిగిన సంగతి ఒకటి వినుడి. 1877 ఆరంభములో సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి ఖర్చు తగ్గింపవలెనని కరవు పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. ఒక పౌను అనగా సుమారు 450 గ్రాములు. ఎండలో మట్టి మోయువాడు దానితో బ్రదుకజాలడని మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించెను. ఆ యేడు మే నెలలో కూలి పెంచబడెను. ఆ నడిమి నెలలలో పటము మారలేదు, పలుగు మారలేదు. మారినది కొలతగిన్నె మాత్రమే.

ఒంగోలులో అప్పుడు డాక్టర్ జాన్ క్లౌ దొరగారు మిషనరీగా నుండిరి. యౌవనమున అమెరికాలో భూములు కొలుచు సర్వే పని నేర్చినవారు గనుక గొలుసు, మట్టము వారికి క్రొత్త కావు. కరవు పనులకు వెళ్లిన మాదిగ సోదరులను పైవారు తిట్టికొట్టుచున్నారనియు, కూలి సరిగా ముట్టుటలేదనియు వారికి మొరలు వచ్చెను. చర్మపు పని ఎరిగిన చేతులకు గడ్డపార అలవాటు లేదు. నీటియొద్దను, వంటయొద్దను అంటరానితనము సరేసరి. ఊరికే జాలిపడిన యెడల లాభమేమి? దొరగారు ప్రభుత్వమువారి యొద్ద కాలువలో మూడున్నర మైళ్లు కంట్రాక్టు పుచ్చుకొనిరి.

తాటాకు గుడిసెలు వేయించిరి. త్రాగునీటికి బావులు త్రవ్వించిరి. బోధకులనే మేస్త్రీలుగా పెట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్క గుంపును అప్పగించిరి. మట్టిపని చేసినవారికి తెలియును, గొడవ అంతయు కొలతయొద్దనే. త్రవ్విన గుంటను ఒక జానెడు తక్కువ వ్రాసిన యెడల ఒక యింటివారు ఆ రాత్రి పస్తుందురు. ఇచ్చట కొలుచువాడు వారి పల్లె ఎరిగినవాడు, వారితో కూర్చుండి గంజి త్రాగువాడు. సాయంకాలమున ఆ మేస్త్రీయే ప్రయాసపడి భారము మోయువారిని పిలిచిన ప్రభువును గూర్చి చెప్పినప్పుడు, గంప దించినవారికి ఆ మాట వేరుగా వినబడియుండును.

అందరును బ్రదికిరని చెప్పుట అబద్ధమగును. నడచివచ్చుచు దారిలో పడిపోయినవారున్నారు, కలరా తీసికొనిపోయినవారున్నారు. మూడున్నర మైళ్లు ఎందరికని చాలును?

నాకు మిక్కిలి గొప్పగా తోచు సంగతి వేరొకటి కలదు. పనిలోనికి వచ్చినవారిలో అనేకులు బాప్తిస్మము కోరిరి. దొరగారు ఇయ్యలేదు. అన్నము పెట్టు చేయియే బాప్తిస్మమిచ్చిన యెడల, ఏది కోరి వచ్చిరో ఎవరు చెప్పగలరు? కూలి పంచినంతకాలము, ఒక సంవత్సరమునకు పైగా, ఆ ద్వారమును మూసియుంచిరి. అన్నము కొరకు చేరిన క్రైస్తవులని మన తాతలను నేటికిని ఎగతాళి చేయువారున్నారు. వారు ఈ తారీఖులను చూడవలెను. సహాయము ఆగిన పిమ్మటనే జనులు వెల్లంపల్లికి వచ్చిరి. ఆ దినమున ఇద్దరేసి చొప్పున ఆరుగురు బోధకులు నీటిలో దిగి బాప్తిస్మమిచ్చిరి. ఆ యేడు ముగియులోపల చేరినవారు 9,000కు మించిరి.

ఇక కాలువ సంగతి. కట్టెలు, ఉప్పు, ధాన్యము మోయు పడవలు దానిపై చాలకాలము నడచెను. 1899లో బెజవాడ, మదరాసు నడుమ రైలుమార్గము పూర్తియైన తరువాత సరకు అటు మళ్లెను. తుపానులు గట్లను కోసెను, ఇసుక పూడెను. 2008లో దీనిని నాల్గవ జాతీయ జలమార్గములో చేర్చిరి. అంతకుముందు 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, సముద్రపు నీటిని ఈ పాతకాలువ కొంత తనలోనికి పుచ్చుకొని, ఆవలనున్న పల్లెల మీదికి పోవు ఉధృతమును తగ్గించినదని పరిశీలించినవారు వ్రాసిరి. 1877లో ఆకలితో గంపలెత్తినవారు త్రవ్విన గుంట అది.