అండమాన్‌లో తేయాకు: ఖైదీల తోటల నుంచి గ్రీన్ టీ దాకా

1858 మార్చిలో డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ చేరి శిక్షా నివాసాన్ని, అంటే ద్వీపాంతరవాస శిక్ష పడినవారి వలసను, నెలకొల్పిన తరువాత ఖైదీల శ్రమతో అడవి కొట్టించిన నేలలో బయటి నుంచి తెచ్చిన పంటలెన్నో వేసి చూశారు. కాఫీ, కోకో, మనీలా జనపనార, సియరా రబ్బరులతోపాటు తేయాకు కూడా ఆ జాబితాలో ఉంది. రబ్బరు సరిగా ఎదగలేదనీ, తేయాకు మాత్రం గణనీయంగా పండుతున్నదనీ, దాని సాగును శిక్షా నివాసానికి చెందిన ఒక ప్రత్యేక విభాగం చూస్తున్నదనీ 1911 నాటి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వం పేర్కొన్నది.

తేయాకు చెట్టు ఒక్కటే అయినా ఆకును పదునుపట్టే తీరును బట్టి రకం మారుతుంది. కోసిన ఆకును వాడ్చి, నలిపి, గాలికి ముదరనిచ్చి ఆరబెడితే నల్ల టీ అవుతుంది. కోసిన వెంటనే జపాన్‌లోలా ఆవిరి పట్టినా, చైనాలోలా పెనం మీద వేయించినా ఆ ముదరడం ఆగిపోయి ఆకు పచ్చగానే నిలుస్తుంది, అదే గ్రీన్ టీ. లండన్ విపణి నల్ల టీనే కోరడంతో అస్సాం తోటలు దానికే అంకితమయ్యాయి. కాంగ్రా లోయలో తయారైన గ్రీన్ టీ అమృత్‌సర్ మీదుగా కాబూల్‌కూ మధ్య ఆసియాకూ తరలిపోయింది. 1903లో టీ ఎగుమతులపై సుంకం విధించి ఆ సొమ్ముతో ప్రచారం సాగించిన తరువాతే, అందునా ప్రధానంగా 1930ల నుంచే, పాలూ పంచదారా కలిపిన టీ దేశంలో సామాన్యుల ఇంటికి చేరింది.

1945లో శిక్షా నివాసం రద్దయ్యాక అండమాన్ నికోబార్ ద్వీపాల జనాభా స్వరూపమే మారిపోయింది. తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు. భారత్, శ్రీలంకల మధ్య 1964లో కుదిరిన శాస్త్రి–సిరిమావో ఒప్పందం తరువాత శ్రీలంక నుంచి తిరిగివచ్చిన తమిళ కుటుంబాలకు నికోబార్‌లోని కచ్చాల్ దీవిలో రబ్బరు తోటల పని దొరికింది. తేయాకు తోటల మీద బతికిన ఒక సమాజం, తేయాకు ఒకప్పుడు పండిన ద్వీపసమూహానికి రబ్బరు పాలు తీయడానికి రావడం చరిత్రలోని వింతల్లో ఒకటి. తెలుగువారి విషయానికి వస్తే, రంప పితూరీ తరువాత అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో కొందరు ఖైదీలుగా వస్తే, అనంతర కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి కూలికీ, చేపల వేటకూ, వ్యాపారానికీ వేలమంది ఓడలెక్కారు. 2011 జనగణన ప్రకారం ద్వీపవాసుల్లో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే.

ఆహారం కూడా ఓడ మీద ఆధారపడింది. కొబ్బరి, మొగలి జాతికి చెందిన పాండనస్ పండు, దుంపలు, చేపలు, పంది మాంసం తిని బతికిన నికోబారీల తోటలను 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఊడ్చిపెట్టగా, సహాయ శిబిరాల్లో బియ్యం, పప్పు, పంచదార ఆ స్థానాన్ని ఆక్రమించాయి. ఒంటి బరువు పెరుగుతోందన్న నేటి దిగులును ఈ తిండి మార్పు నుంచి విడదీసి చూడడం సరికాదు.

ఆ దిగులుకు మందుగా గ్రీన్ టీ అన్నిచోట్లా అమ్ముడవుతోంది. ఇందులోని కాటెకిన్లు అనే రసాయనాలు, కెఫీన్ కలిసి దేహంలో కొవ్వు కరిగే వేగాన్ని కొద్దిగా పెంచుతాయన్న వాదనకు ఆధారం లేకపోలేదు గాని, వైద్య ప్రయోగాలను క్రోడీకరించిన 2012 నాటి కోక్రేన్ సమీక్ష జపాన్ వెలుపలి ప్రయోగాల్లో సగటు తగ్గుదల 0.04 కిలో మాత్రమేనని తేల్చింది. గ్రీన్ టీ సారాన్ని గాఢంగా నింపిన మాత్రలను అధిక మోతాదులో మింగితే కాలేయానికి చేటు కలగవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. రెండేసి చెంచాల పంచదారతో రోజుకు నాలుగు కప్పుల టీ తాగేవారు ఆ పంచదార మానేస్తే దాదాపు 130 కెలోరీలు తగ్గుతాయి. గ్రీన్ టీకి మారినవారికి కలిగే మేలులో ఎక్కువ భాగం ఈ లెక్కలోనిదే.