ఆపిల్ బెరడు, నేరేడు గింజ: చక్కెర జబ్బు చరిత్రలో ఒక తప్పు కొలత

జూన్ నెల వచ్చిందంటే బజారులో తోపుడు బళ్ల మీద నేరేడు పళ్లు కనిపిస్తాయి. కొంటున్న పెద్దవాళ్లను ఎందుకని అడిగి చూడండి. "షుగరుకి మంచిదట" అంటారు. కొందరు గింజలు కూడా పారేయరు. ఎండబెట్టి, దంచి, పొడి చేసి సీసాలో దాచుకుంటారు. ఆ గింజకు వగరు తెచ్చేవి పాలీఫినాల్స్ అనే జాతి పదార్థాలు. పండు తోలుకు నల్లటి ఊదారంగు ఇచ్చి మీ నాలుకను రంగులో ముంచేసే ఆంథోసయనిన్లు కూడా ఆ జాతివే.

ఈ గింజ పొడి మన వంటింట్లోనే ఉండిపోలేదు. 1880ల్లో 'జంబుల్' అనే పేరుతో యూరప్ వైద్యుల దాకా వెళ్లింది. అప్పటికి ఇన్సులిన్ లేదు. చక్కెర జబ్బు వచ్చిన చిన్నపిల్లలు ఒకటి రెండేళ్లకు మించి బతికేవారు కాదు. కాబట్టి ఎక్కడో ఒక చెట్టు గింజ పనిచేస్తుందని వినిపిస్తే, ఆ ఆశను వదులుకోగల వైద్యుడు ఎవరు? జర్మనీలోని బాన్ నగరంలో గ్రేజర్ అనే వైద్యుడు ఆ గింజను కుక్కల మీద పరీక్షించాడు. అయితే ముందుగా కుక్కలకు చక్కెర జబ్బు తెప్పించాలి గదా! అందుకు ఆయన వాడినది ఇంకో చెట్టు నుంచి తీసిన పాలీఫినాల్. మన కథ అసలు అక్కడ మొదలవుతుంది.

1835లో కోనింక్, స్టాస్ అనే ఇద్దరు బెల్జియం రసాయనికులు ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఒక చేదు పదార్థాన్ని వేరుచేశారు. గ్రీకు భాషలో బెరడుకు, వేరుకు ఉన్న మాటలను కలిపి దానికి 'ఫ్లోరిజిన్' అని పేరు పెట్టారు. మలేరియా జ్వరానికి వాడే సింకోనా బెరడు చేదు. విల్లో బెరడూ చేదే, అదీ జ్వరం తగ్గిస్తుంది. ఇంకేం, చేదుగా ఉన్న ఆపిల్ బెరడు కూడా జ్వరానికి మందే అయి ఉంటుందనుకున్నారు. రుచిని బట్టి గుణాన్ని ఊహించడం మనకూ కొత్త కాదు. చేదుగా ఉంటే చాలు, చక్కెరకు విరుగుడు అనేస్తాం!

యాభై ఏళ్ల తర్వాత, 1886లో, స్ట్రాస్‌బర్గ్‌లో పనిచేస్తున్న యోసెఫ్ ఫాన్ మేరింగ్ ఒక విచిత్రం ప్రకటించాడు. ఫ్లోరిజిన్ ఇస్తే కుక్క మూత్రంలో చక్కెర పడుతోంది. ఆనాటి లెక్కలో మూత్రంలో చక్కెర పడితే చక్కెర జబ్బే. జబ్బు పేరే మధుమేహం గదా, మూత్రానికి చీమలు పట్టడమే దాని గుర్తు. ఆ విధంగా ఫ్లోరిజిన్ మందు కావాల్సింది పోయి జబ్బు తెప్పించే సాధనమైంది. గ్రేజర్ కుక్కలకు పెట్టింది దీన్నే. నేరేడు గింజ సారం ఇచ్చాక మూత్రంలో చక్కెర తగ్గిందని ఆయన రాశాడు. జంబుల్ ఖ్యాతి పెరిగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ ప్రయోగంలో లోపం ఎక్కడుంది?

జవాబు కూడా ఫాన్ మేరింగ్ చేతుల మీదుగానే వచ్చింది. 1889లో ఆయన, ఆస్కార్ మింకోవ్‌స్కీ కలిసి ఒక కుక్క క్లోమాన్ని తీసేశారు. దాని మూత్రంలోనూ చక్కెర పడింది. కాని ఈ కుక్క రక్తంలో చక్కెర విపరీతంగా పెరిగింది. ఫ్లోరిజిన్ కుక్క రక్తంలో పెరగదు, కొంత తగ్గుతుంది కూడా. పైకి రెండు కుక్కలకూ ఒకే లక్షణం. లోపల జరుగుతున్నవి రెండు వేర్వేరు సంగతులు. మొదటిది అసలైన మధుమేహం. రెండోది మూత్రపిండాల్లో పడిన చిల్లు లాంటిది. అటువంటి కుక్కలో మూత్రంలోని చక్కెర తగ్గితే, గింజ సారం రక్తంలోని చక్కెరను అదుపు చేసిందని ఎలా అనగలం? ఫ్లోరిజిన్ పని చెడి ఉండవచ్చు, అంతే. అసలు జబ్బే లేని కుక్కకు నయమైందని రాసుకున్నట్లయింది.

మూత్రపిండాల సంగతి కొంచెం వివరంగా చూద్దాం. మీ మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. లీటరుకు ఒక గ్రాము చొప్పున 180 గ్రాముల గ్లూకోజు దాంతోపాటు బయటకు వస్తుంది. అదంతా పోతే మనిషి నిలబడలేడు. అందుకని వృక్కనాళికల గోడలు ఆ గ్లూకోజునంతా మళ్లీ లోపలికి లాక్కుంటాయి. 100 మి.లీ. రక్తంలో గ్లూకోజు సుమారు 180 మి.గ్రా. దాటినప్పుడు మాత్రమే లాక్కునే శక్తి చాలక మిగిలినది మూత్రంలోకి జారిపోతుంది.

ఇప్పుడు 'ప్రీడయాబెటిస్' అనే మాట వింటున్నాం, అంటే మధుమేహానికి ముందు దశ. పరగడుపున రక్తంలో గ్లూకోజు 100 నుంచి 125 మి.గ్రా. మధ్య ఉంటే ఆ దశ అంటారు. పైన చెప్పిన 180తో పోల్చి చూడండి. ఈ దశలో ఉన్నవారి మూత్రంలో సాధారణంగా చక్కెర జాడ ఉండదు. మూత్రాన్నే చూసే 1880ల వైద్యుడికి అటువంటి దశ ఒకటుందని తెలిసే వీలే లేదు. కొలిచే పద్ధతి మారాకే ఆ జబ్బుకు ఒక ముందు దశ కనిపించింది.

1933లో న్యూయార్క్‌లో హోమర్ స్మిత్ బృందం మనుషుల్లోనే పరీక్షించి, మూత్రపిండాలు గ్లూకోజును తిరిగి లాక్కోకుండా ఫ్లోరిజిన్ అడ్డుకుంటుందని తేల్చింది. 1960లో రాబర్ట్ క్రేన్ ఆ లాగడం ఎలా జరుగుతుందో చెప్పాడు. సోడియం లోపలికి పోతూ గ్లూకోజును వెంట తీసుకుపోతుందట. ఆ పని చేసే ప్రోటీన్లు రెండు. మూత్రపిండాల్లో ఎస్‌జీఎల్‌టీ2 ముఖ్యం, పేగులో ఎస్‌జీఎల్‌టీ1. 1987లో అమెరికాలో రొసెట్టి, డిఫ్రాంజో తదితరులు క్లోమంలో చాలా భాగం తీసేసిన ఎలుకలకు ఫ్లోరిజిన్ ఇచ్చారు. చక్కెర మూత్రంలో పోయింది, రక్తంలో తగ్గింది, కణజాలం మీద ఇన్సులిన్ మళ్లీ సరిగా పనిచేసింది. జబ్బు తెప్పిస్తుందని వందేళ్లుగా వాడుతున్న పదార్థమే జబ్బును అదుపు చేస్తోంది!

అయితే ఫ్లోరిజిన్‌ను మాత్రగా మింగించలేరు. అందులో ఒక గ్లూకోజు అణువు ఆక్సిజన్ వంతెనతో మిగతా భాగానికి అతుక్కుని ఉంటుంది. మన చిన్నపేగులో పాలచక్కెరను విడగొట్టే ఎంజైము ఆ వంతెనను కూడా తెంచేస్తుంది. ఆ ఎంజైము పూర్తి పేరే లాక్టేజ్-ఫ్లోరిజిన్ హైడ్రోలేజ్. పైగా ఫ్లోరిజిన్ పేగులోని ప్రోటీన్‌ను కూడా అడ్డుకుని విరేచనాలు తెప్పిస్తుంది. రసాయనికులు ఆక్సిజన్ వంతెన తీసేసి, గ్లూకోజును నేరుగా కార్బన్‌కు అతికించారు. ఎంజైముకు తెంచే చోటు దొరకలేదు. ఎస్‌జీఎల్‌టీ2 మీదే గురి పెట్టే డాపాగ్లిఫ్లోజిన్ అలా పుట్టింది. 2012లో యూరప్‌లో దానికి అనుమతి వచ్చింది. 2020లో మన దేశంలో పేటెంటు ముగిశాక చాలా కంపెనీలు తయారు చేయడంతో ధర బాగా పడిపోయింది. గుండె వైఫల్యం ఉన్నవారికీ మేలు చేస్తుందని 2019లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. జననాంగాల దగ్గర ఫంగస్ సోకడం వంటి ఇబ్బందులు లేకపోలేదు. ఈ మాత్ర వాడేవారి మూత్రం పరీక్షిస్తే చక్కెర నిండుగా ఉంటుంది. 1886 నాటి వైద్యుడు దాన్ని చూస్తే జబ్బు ముదిరిందని బెంగపడేవాడు.

మరి ఆపిల్ తింటే సరిపోదా అని మీరు అడగవచ్చు. ఫ్లోరిజిన్ ఎక్కువగా ఉండేది బెరడులో, ఆకుల్లో, గింజల్లో. మనం తినే గుజ్జులో చాలా స్వల్పం. ఆ స్వల్పాన్ని కూడా పేగు తెంచేస్తుందని చూశాం గదా.

నేరేడు మాటకొస్తే, 1921-22లో ఇన్సులిన్ వచ్చాక యూరప్ వైద్యులు జంబుల్‌ను క్రమంగా మరిచిపోయారు. నేరేడు చెట్టు విరివిగా పెరిగే బ్రెజిల్‌లో మాత్రం జనం దాని ఆకులతో కషాయం కాచుకుంటారు. అక్కడి పోర్టో అలెగ్రె పరిశోధకులు టైప్ 2 మధుమేహం ఉన్నవారిని చీట్లు తీసినట్లు గుంపులుగా విడదీసి, ఎవరికి ఏది ఇస్తున్నదీ ఎవరికీ తెలియకుండా, ఒక గుంపుకు ఈ కషాయం ఇచ్చారు. ఈసారి కొలిచింది రక్తాన్నే. 2006లో వెలువడిన ఫలితం ప్రకారం ఆకు కషాయం పరగడుపు చక్కెరను తగ్గించలేదు. ఆకు వేరు, గింజ వేరు. గింజలోని ఎల్లాజిక్ ఆమ్లం, గాలిక్ ఆమ్లం, టానిన్లు అదే మోతాదులో ఆకులోనూ ఉండాలని లేదు. కనుక ఆ ఫలితాన్ని తెచ్చి మన సీసాలోని పొడికి అంటగట్టడం న్యాయం కాదు. గింజ పొడికి జరగవలసిన పరీక్ష మాత్రం ఆ తరహాదే. బాన్‌లో కుక్కల మీద జరిగిన తరహాది కాదు.