పుట్టింటికొచ్చిన సొర

ఉపన్యాసం రక్తి కట్టిందా లేదా అని తేల్చడానికి మన దగ్గరున్న తూకపురాళ్లు మూడే: చప్పట్లు, పూలదండ, మర్నాడు పేపర్లో ఫొటో. మార్టూరు వైపు పత్తి రైతు ఈ మూడింటినీ ఒప్పుకోడు. విత్తనాల సంచీ మీద బొమ్మ ఎంత నిగనిగలాడినా సరే, కాయ పగిలి పత్తి చేతికొచ్చాకే మాట్లాడతాడు. ఆ రైతు లెక్కన, సముద్రపు చేపల మీద జరిగిన రెండు ఉపన్యాసాలను తూచి చూద్దాం.

మొదటిది 1883లో, లండన్‌లో. అంతర్జాతీయ మత్స్య ప్రదర్శనలో మాట్లాడినాయన సామాన్యుడు కాదు. డార్విన్ తరఫున వాదించిన మహాపండితుడు థామస్ హక్స్‌లీ. కాడ్, హెర్రింగ్ లాంటి చేపలు మనిషి పట్టినంత మాత్రాన తరిగిపోవన్నాడు. ‘ఇప్పటి పద్ధతుల్లో పడితేనే సుమా’ అన్న అర్థం వచ్చేలా ఓ షరతూ పెట్టాడు. లోకానికి మాట గుర్తుండిపోయింది, షరతు జారిపోయింది. పద్ధతులా, మారనే మారాయి. ఆవిరి పడవలొచ్చాయి, వలలు పెరిగాయి. 1992లో కెనడా ప్రభుత్వం న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ వేట ఆపించాల్సి వచ్చింది. సుమారు 30 వేల మంది జీవనాధారం పోయింది.

రెండో ఉపన్యాసం మన దేశంలోనే, గుజరాత్‌లో. అక్కడి తీరానికి తిమింగల సొర వస్తుంది. పేరులో తిమింగలం ఉన్నా అది చేపే, చేపలన్నింటిలోకీ పెద్దది. ఒళ్లంతా తెల్ల చుక్కలు. ఇంతలేసి నోరు పెట్టుకుని తినేది మాత్రం నీళ్లలోని నలుసుల్లాంటి జీవుల్ని, చిన్నాచితకా చేపల్ని! దాని కాలేయపు నూనె పడవలకు పూసేవారు. మాంసం ఎగుమతికి గిరాకీ పెరిగాక వేటా పెరిగింది. 2001లో చట్టం దాన్ని పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చేర్చింది. బాగానే ఉంది, కానీ నడిసముద్రంలో చట్టం చదివి వినిపించేదెవరు?

2004లో రామకథలు చెప్పే మొరారీ బాపు ఆ పని తన పద్ధతిలో చేశారు. లెక్కలు చెప్పలేదు. ఈ చేప పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల లాంటిదన్నారు. అంతే! పుట్టింటికొచ్చిన పిల్ల మీద ఎవడు చెయ్యెత్తుతాడు? అంతకుముందు ‘బ్యారెల్’ అని పిలిచిన చేపను ‘వ్హాలీ’ అనసాగారు. అంటే ముద్దుల తల్లి లాంటి పిలుపు.

అలాగని ఘనతంతా ఒక్క మాటకే కట్టబెడితే తూకం తప్పినట్టే. వలలో సొర చిక్కితే, జాలరి దాన్ని వదలడానికి తన వలనే కోసుకోవాలి. వల అంటే ఆ ఇంటి అన్నం. అందుకే గుజరాత్ అటవీ శాఖ కోసిన వలకు పరిహారం ఇచ్చింది. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, టాటా కెమికల్స్ ఊరూరా ప్రచారం చేశాయి. మాట మనసు కరిగిస్తే, పరిహారం పొయ్యి ఆరిపోకుండా చూసింది. వందల సొరలు తిరిగి సముద్రంలోకి ఈదుకుంటూ పోయాయి.

ఇది మనకు దూరపు కథ కాదు. ఆ గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద కూలికెళ్లే మన శ్రీకాకుళం వాళ్లు ఎందరో! 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకు ఇలాంటి సొరే కొట్టుకొస్తే, అటవీ సిబ్బందీ జాలర్లూ కలిసి దాన్ని మళ్లీ లోతు నీళ్లకు చేర్చారు.

పాండిత్యంలో హక్స్‌లీకి సాటి ఎవరు? అయినా పంట చూసే రైతును తీర్పు చెప్పమంటే, ఓటు కోసిన వలకే.