పంచాయతీ దాకా తీగ.. ఇంటి దాకా ఎప్పుడు?

పరవాడ (అనకాపల్లి జిల్లా): దేశంలోని గ్రామ పంచాయతీలన్నింటికీ బ్రాడ్‌బ్యాండ్ అందించాలన్న కేంద్ర ప్రభుత్వ పథకానికి తొలి ప్రయోగం జరిగిన మూడు బ్లాకులలో పరవాడ ఒకటి. రాజస్థాన్‌లోని అరాయి, త్రిపురలోని పానీసాగర్ మిగిలిన రెండు. అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. మూడు బ్లాకులలో కలిపి 59 పంచాయతీలకు 2012లో ఆప్టికల్ ఫైబర్ చేర్చి, ఒక్కొక్క పంచాయతీకి సెకనుకు 100 మెగాబిట్ల సామర్థ్యం కల్పించారు. ఆ ప్రయోగం సఫలమైంది. అయితే తీగ పంచాయతీ కార్యాలయానికి చేరడం వేరు, ఊరి ఇళ్ళకు చేరడం వేరు అన్న సంగతి దేశమంతటా తర్వాతి ఏళ్ళలో గానీ తేటతెల్లం కాలేదు.

నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరిట ఈ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో ఆమోదించింది. అంచనా వ్యయం సుమారు రూ.20 వేల కోట్లు. టెలిఫోన్ సంస్థల రాబడి నుంచి వసూలు చేసే సుంకంతో ఏర్పడిన సార్వత్రిక సేవా నిధి నుంచి ఈ సొమ్ము కేటాయించారు. రెండున్నర లక్షల పంచాయతీలకు రెండేళ్ళ గడువు పెట్టుకోగా, తొలి లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికి 2017 డిసెంబరు వచ్చింది. ఈలోగా 2015లో పథకం పేరు భారత్‌నెట్‌గా మారింది.

తీగ వచ్చే దారి

మండల కేంద్రం వరకు బి.ఎస్.ఎన్.ఎల్., రైల్‌టెల్, పవర్‌గ్రిడ్ సంస్థల ఫైబర్ అంతకుముందే ఉంది. అక్కడి నుంచి పంచాయతీ వరకు ఉన్న వెలితిని పూడ్చడమే పథకం పని. ఒకే ఫైబర్‌లోని కాంతిని స్ప్లిటర్ అనే చిన్న పరికరం పలు శాఖలుగా పంచుతుంది. దీనికి విద్యుత్తు అక్కరలేదు. రాగి తీగపై నాలుగైదు కిలోమీటర్లు దాటితే వేగం సన్నగిల్లుతుంది. ఫైబర్ మాత్రం ఇరవై కిలోమీటర్ల దూరంలోని పల్లెకు కూడా అదే వేగాన్ని మోసుకుపోతుంది. పల్లెలకు ఫైబరే చౌక అనడానికి మూలం ఇదే.

చిక్కంతా పంచాయతీ గదిలోని పెట్టె దగ్గర మొదలైంది. కార్యాలయానికి తాళం పడితే పెట్టె లోపలే. కరెంటు పోతే అదీ పోతుంది. రోడ్డు వెడల్పుకో మంచినీటి గొట్టానికో పొక్లెయిన్ దిగితే భూమిలోని తీగ తెగుతుంది. తీగ ఒకే వరుసగా సాగినందున ఒకచోట తెగితే దాని తర్వాతి పంచాయతీలన్నీ మూగబోతాయి. పెట్టె నుంచి ఇళ్ళకు ఎవరు లాగాలి, తెగితే ఎవరు అతకాలి అన్నది తొలి ప్రణాళికలో స్పష్టంగా లేదు. పథకాన్ని సమీక్షించిన జె.సత్యనారాయణ కమిటీ 2015 మార్చిలో నివేదిక ఇస్తూ రాష్ట్రాలకు ఎక్కువ పాత్ర ఉండాలని సూచించింది.

స్తంభాలపై మరో దారి

ఆంధ్రప్రదేశ్ అప్పటికే వేరే బాట పట్టింది. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగి, సబ్‌స్టేషన్లలో పరికరాలు అమర్చింది. అక్కడి నుంచి ఇంటికి చేర్చే పనిని ఊళ్ళోని కేబుల్ టీవీ ఆపరేటర్లకు అప్పగించింది. వారికి ప్రతి వీధీ తెలుసు, ప్రతి నెలా ఇంటి గుమ్మం తొక్కే అలవాటూ ఉంది. 2016 డిసెంబరులో నాటి తూర్పుగోదావరి జిల్లా మోరి గ్రామంలో సేవలు మొదలయ్యాయి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు.

టీవీ చానళ్ళు, ఫోను, ఇంటర్నెట్ కలిపి నెలకు రూ.149 అన్నది అప్పటి ప్రకటన. ఆ ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ దినకూలి రూ.197. అంటే ఒక్కరోజు కూలి కంటే తక్కువకే నెల కనెక్షన్. అయితే ఇంట్లో పెట్టే పెట్టె ఖరీదు వేరు. తర్వాతి ఏళ్ళలో నెలసరి ధరా అక్కడే నిలవలేదు. స్తంభాలపై తీగ త్వరగా పడుతుంది, తుపానుకు అంత త్వరగానూ తెగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వేల స్తంభాలను కూల్చిన తీరు ఈ ప్రాంతవాసులకు చెప్పనక్కరలేదు.

చౌక అంటే ఎంత?

కనీస బ్రాడ్‌బ్యాండ్ ఖర్చు తలసరి నెల ఆదాయంలో 2 శాతం మించరాదన్నది ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2025కు పెట్టిన లక్ష్యం. సగటు ఆదాయం కూలీ ఆదాయం కాదు గనుక ఆ కొలత పల్లెకు పూర్తిగా అతకదు. వేగం కొలతా మారింది. 2004 విధానంలో సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే బ్రాడ్‌బ్యాండ్. అది 2013లో 512 కిలోబిట్లు, 2023లో 2 మెగాబిట్లు అయింది. బిల్లుపై 18 శాతం జీఎస్టీ అదనం.

2016 సెప్టెంబరులో జియో రాకతో సెల్‌ఫోన్ డేటా చౌకైన మాట నిజమే. కానీ 2020లో బడులు మూతపడి ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే వేళ ఆన్‌లైన్ తరగతి ఉన్నప్పుడు, తండ్రి చేతిలోని ఒక్క ఫోను ఎవరికి? ఆ ఫోను తండ్రితో పొలానికి పోతుంది. ఇంటి తీగ ఇంట్లోనే ఉంటుంది.

సవరించిన పథకం

రూ.1,39,579 కోట్లతో సవరించిన భారత్‌నెట్‌కు 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదం తెలిపింది. ఇందులో తీగను వలయాకారంగా వేస్తారు. ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి సేవ అందుతుంది. ఐదేళ్ళలో కోటిన్నర గ్రామీణ గృహాలకు కనెక్షన్లు లక్ష్యం. ఇంటికి తీగ లాగే బాధ్యత స్థానిక యువకులకు, ఆపరేటర్లకు ఇచ్చి రాబడిలో సగం వాటా చెల్లిస్తారు. నిర్మించిన గుత్తేదారే పదేళ్ళు నిర్వహించాలన్న షరతూ ఉంది. తమ పంచాయతీలో పెట్టె పనిచేస్తున్నదీ లేనిదీ, తెగిన తీగను ఎన్ని రోజుల్లో అతకాలన్నదీ గ్రామసభలో అడిగి తీర్మానంలో రాయించుకునే వీలు గ్రామస్థులకు ఉంది.